ఆప్షన్ల సంతలో పలుపు ఎవరు తెచ్చారు

సిడ్నీలో షేర్ మార్కెట్ పొద్దున పదింటికి తెరుచుకుంటుంది. నా ఉద్యోగకాలమంతా అన్ని షేర్లూ ఒక్కసారిగా తెరుచుకునేవి కావు. కంపెనీ పేరు మొదటి అక్షరాన్ని బట్టి, బడిలో హాజరు పిలిచినట్టు, గుంపులు గుంపులుగా వచ్చేవి. ఏ, బీ అక్షరాల వాళ్ళు ముందు, ఎస్ నుంచి జెడ్ దాకా ఉన్నవాళ్ళు అందరికంటే చివర. ఆ హాజరు పూర్తయ్యే కొద్ది నిమిషాలూ నేను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చునేదాన్ని. కాఫీ చల్లారిపోయేది, పక్కవాళ్ళు పిలిస్తే వినబడేది కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ నిమిషాల్లో నాకు విసుగు పుట్టిన రోజు ఒక్కటీ లేదు.

నేను రిటైరయ్యాను గాని, నా చేతులు ఇంకా రిటైర్ కాలేదు. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మా వంటింట్లో దోసె తిరగేస్తూ పది కొట్టేసరికి అట్లకాడ గాల్లోనే ఆగిపోతుంది. మా ఆయన పేపర్ మీంచి చూసి, "హాజరు పిలుస్తున్నారు, పలకవేం" అని ఏడిపిస్తారు.

నా పని ఏమిటో మా చుట్టాల్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. షేర్లు కొంటానని కొందరు, అమ్ముతానని కొందరు, జాతకాలు చెబుతానని మా ఆడపడుచు అనుకునేవాళ్ళు. ఆడపడుచు మాటే కాస్త దగ్గర. సిడ్నీ నడిబొడ్డున మార్టిన్ ప్లేస్ పక్క వీధిలో ఒక మధ్యరకం బ్రోకింగ్ కంపెనీలో, నిన్న ఆప్షన్ల మార్కెట్‌లో ఏం జరిగిందో చూసి, జనం మనసులో ఆశ ఉందా భయం ఉందా అన్నది పొద్దుటి మీటింగ్‌లో చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది పనిలో ఉన్న మజా గురించి, అది చేసే మోసం గురించి.

బయానా

ఆప్షన్ అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను, లేకపోతే మిగతాదంతా గాలిలో ఉంటుంది.

మీరొక ఎద్దుల జత మీద మనసు పడ్డారు. డబ్బు ఇంకా సర్దుబాటు కాలేదు. అమ్మేవాడి చేతిలో కొంత బయానా పెట్టి, "వచ్చే సంత దాకా ఈ ధరకే నాకు ఉంచు" అన్నారు. ఈలోగా ధర పెరిగితే పాత ధరకే తోలుకుపోతారు. తగ్గితే బయానా వదిలేసుకుని మీ దారిన మీరు పోతారు. షేర్లలో దీన్నే కాల్ అంటారు. పుట్ దీనికి తిరగేసింది. జత మీ దొడ్లోనే ఉంది, ధర పడిపోతుందేమోనని మీకు దిగులు. ఒకడికి కొంత ఇచ్చి, "ఎంత పడినా ఫలానా ధరకు నువ్వే కొనాలి" అని మాట తీసుకుంటారు. అదొక బీమా.

కాబట్టి కాల్స్ ఎక్కువ కొంటే జనంలో ఆశ, పుట్స్ ఎక్కువ కొంటే భయం. పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. నిజంగా ఇంతే అయితే నాకు జీతమిచ్చి పోషించాల్సిన పని లేదు, ఒక కాలిక్యులేటర్ కొనుక్కుంటే సరిపోయేది. చిక్కు ఏమిటంటే, ప్రతి ఒప్పందానికీ రెండు వైపులా ఇద్దరు ఉంటారు. బయానా ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవాడు ఒకడు. తెర మీద ఇంత వ్యాపారం జరిగిందని కనిపిస్తుంది. ఆ ఇద్దరిలో ఎవరు ఆత్రపడ్డారో, ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరు పాత లెక్క తేల్చుకుని ఇంటికి పోతున్నారో కనిపించదు.

తువ్వాలు కింద

దీన్ని నేను కాలేజీలో నేర్చుకోలేదు. మా నాన్న ఒంగోలు దగ్గర పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్. సంత రోజున సూదిమందుల పెట్టె పట్టుకుని అక్కడే ఉండేవారు. బడి లేకపోతే నేనూ వెంటపడేదాన్ని.

సంతలో బేరం నోటితో ఆడరు. కొనేవాడు, అమ్మేవాడు, లేదా వాళ్ళ తరఫున దళారులు, చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు మొహాలు తప్ప ఏమీ తెలియదు. ఆ మొహాలు కూడా నమ్మదగినవి కావు. నేను మాత్రం తువ్వాలు కదలికలను బట్టి ధర కనిపెడదామని కళ్ళు చికిలించుకుని చూసేదాన్ని.

"తువ్వాలు మీద చూపెందుకమ్మాయ్," అన్నారు నాన్న ఒకసారి. "వేళ్ళు ఎవుడైనా పడతాడు. పలుపు ఎవుడు తెచ్చుకున్నాడో చూడు."

మా వైపు పశువును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. ఇస్తే దొడ్లోని లక్ష్మి దానితో పాటే పోతుందని నమ్మకం. మెడకు కట్టే తాడు కొన్నవాడే తెచ్చుకోవాలి. కాబట్టి నిజంగా కొనే ఉద్దేశంతో వచ్చినవాడి భుజం మీద కొత్త పలుపు ఉంటుంది. ధర తెలుసుకుపోదామని వచ్చినవాడు, పక్కవాడి బేరం చెడగొడదామని వచ్చినవాడు, ఊరికే పెద్దమనిషిలా కనబడాలని వచ్చినవాడు ఉత్త చేతులతో వస్తారు. ఆ రోజు నుంచి నేను భుజాలు చూడటం మొదలుపెట్టాను. సంతలో ఎవరు కొంటారో నాన్నకు ముందే చెప్పేసి, కరెక్టయితే ఒక జీళ్ళ పొట్లం కొట్టేసేదాన్ని.

గ్రాహమ్

నా మొదటి బాస్ పేరు గ్రాహమ్. మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో, అదింకా పొలాలుగా ఉన్న రోజుల్లో పెరిగినవాడు. మాట కరుకు, మనసు మంచిది అని రాస్తే అబద్ధమవుతుంది. మాటా కరుకే, మనసూ కరుకే. కానీ పని తెలిసినవాడు. పని తెలిసిన కరుకువాడి దగ్గర నేర్చుకున్నది, మంచివాళ్ళ దగ్గర నేను నేర్చుకోలేదు.

చేరిన కొత్తలో ఒక బ్యాంకు షేరులో కాల్స్ కుప్పలుతెప్పలుగా చేతులు మారాయి. అంత పెద్ద సంఖ్య నేను అంతకుముందు చూడలేదు. మీటింగ్‌లో నిలబడి, జనం ఈ షేరు పెరుగుతుందని గట్టిగా నమ్ముతున్నారని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

గ్రాహమ్ పెన్ను తిప్పుతూ అంతా విన్నాడు. "రాజ్, డివిడెండ్ ఎప్పుడు?" అన్నాడు. నా పూర్తి పేరు రాజ్యలక్ష్మి, ఆఫీసులో రాజ్‌ని.

నేను చూడలేదు. ఆ వ్యాపారం జరిగిన మర్నాడే డివిడెండ్, అంటే కంపెనీ లాభంలో వాటా. షేరు చేతిలో ఉన్నవాడికే డివిడెండ్ వస్తుంది, కాల్ పట్టుకున్నవాడికి రాదు. అందుకని ఆ ముందు రోజున పెద్ద పెద్ద ట్రేడర్లు ఆ డివిడెండ్ ఎవరి చేతికి వెళ్ళాలన్న దాని మీద కాల్స్‌ని తమలో తామే అటూ ఇటూ మార్చుకుంటారు. షేరు పెరుగుతుందా తరుగుతుందా అన్న ఆలోచనే వాళ్ళకు ఉండదు. నేను ఆశ అనుకున్నది ఉత్త పంపకాల సర్దుబాటు. మార్కెట్‌లో ప్రతి గోలా అభిప్రాయం కాదని ఆ పూట తెలిసింది. క్యాలెండర్ చూడకుండా ఆప్షన్లు చూసేవాడిని నేను ఇప్పటికీ నమ్మను.

మీటింగ్ అయ్యాక, ఉక్రోషంతో, గ్రాహమ్‌కి మా సంత గురించి చెప్పాను. తువ్వాలు, వేళ్ళు, పలుపు, అన్నీ. అతను పెన్ను తిప్పడం ఆపేశాడు. వాళ్ళ నాన్న పశువుల వేలాలకు వెళ్ళేవాడట.

"మా దగ్గర వేలమంటే అందరి ముందూ అరుచుకోవడమే," అన్నాడు. "మీదే అసలు ఆప్షన్ మార్కెట్. మరి ఇక్కడ పలుపు ఏది, రాజ్?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరం కలిసే వెతికాం. ఇవాళ ఎంత వ్యాపారం జరిగిందన్నది తువ్వాలు మాత్రమే. ఇంకా తీరకుండా నిలిచి ఉన్న ఒప్పందాల లెక్క ఒకటి ఉంటుంది, దాన్ని ఓపెన్ ఇంటరెస్ట్ అంటారు. అది మర్నాడు పొద్దున గాని రాదు. నిన్న అంత వ్యాపారం జరిగి, ఈ లెక్క పెరిగితే కొత్తవాళ్ళు పలుపులు తెచ్చుకుని వచ్చారన్నమాట. తగ్గితే ఉన్నవాళ్ళు తాళ్ళు విప్పుకుని పోతున్నారన్నమాట. సంఖ్య ఒకటే, అర్థాలు ఉత్తర దక్షిణాలు.

ఆ తర్వాత ఆఫీసులో అదొక మాటైపోయింది. ఎవరైనా ఊగిపోతూ వచ్చి ఫలానా దాంట్లో పుట్స్ పేలిపోతున్నాయి అంటే, గ్రాహమ్ తల ఎత్తకుండానే, "హూ బ్రాట్ ద రోప్?" అనేవాడు. క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన క్రికెట్ పిచ్చోళ్ళు, పెర్త్ మైనింగ్ వాళ్ళు, అందరూ ఒంగోలు సంత భాష మాట్లాడేవాళ్ళు. నాకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

భయం కాని భయం

ఒక్క గెలుపు చెప్పుకుంటాను, ముసలితనంలో ఆ మాత్రం హక్కుంది.

ఒక గనుల కంపెనీ ఫలితాలు రావలసిన వారం. పుట్స్ మీద పుట్స్ పడుతున్నాయి. లోపలి కబురేదో ఎవరికో తెలిసిపోయింది, షేరు కుప్పకూలుతుందని ఫ్లోర్ అంతా గుసగుసలు. మర్నాడు లెక్క చూస్తే ఓపెన్ ఇంటరెస్ట్ పెరిగింది. పలుపులు వచ్చాయి, అనుమానం లేదు. కానీ నాకు ఏదో తేడాగా అనిపించింది. పుట్స్ పడిన నిమిషాలను పక్కన పెట్టుకుని, అదే నిమిషాల్లో షేర్ల వ్యాపారం ఎలా ఉందో చూశాను. పుట్ కొన్న ప్రతిసారీ, దానికి సరిపడా షేర్లు కూడా ఎవరో కొంటున్నారు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. పారిపోయేవాడు షేర్లు కొనడు కదా. వీడెవడో పెద్ద ఇల్లు కొంటున్నాడు, కొన్న రోజే బీమా కూడా కట్టుకుంటున్నాడు. అందరూ బీమా కాగితం చూసి ఇల్లు తగలబడుతోందని అరుస్తున్నారు. గ్రాహమ్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. అతను రెండుసార్లు చూసి, క్లయింట్లకు పంపే నోట్‌లో నా మాటను నా పేరుతోనే వేశాడు. ఫలితాల రోజున షేరు పెరిగింది.

అయితే ఇక్కడొక మాట. షేరు పడిపోయి ఉన్నా నేను చదివింది తప్పయ్యేది కాదు. ఆ కొన్నవాడు ధీమాగా ఉన్నాడన్నదే నేను చెప్పింది. ధీమాగా ఉన్నవాళ్ళు మునగడం లోకంలో కొత్త కాదు. మనం చదివేది జనం మనసు, రేపటి ధర కాదు. ఈ రెంటినీ కలిపేసినవాళ్ళే ఈ వృత్తికి చెడ్డపేరు తెచ్చారు.

టూంగాబీ సూత్రం

ఇక మనవాళ్ళ సంగతి. ఆదివారం మనవాళ్ళు ఎక్కువుండే టూంగాబీ పేటలో ఎవరింట్లోనైనా బార్బీ, అదే బార్బెక్యూ, అంటే ఒక పక్క చికెన్ కాలుతుంటుంది, ఇంకో పక్క ఐటీ కుర్రాళ్ళ ఆప్షన్ల చర్చ కాలుతుంటుంది. ఇండియాలో ఇండెక్స్, అంటే మొత్తం మార్కెట్ సూచీ, మీద ఆప్షన్లు ఆడి వచ్చిన అనుభవం వాళ్ళది. అక్కడ వాళ్ళు నేర్చుకున్న సూత్రం ఒకటి ఉంది. పుట్స్ అమ్మేవాళ్ళు తెలివైన పెద్ద చేతులు, కాబట్టి పుట్స్ ఏ ధర దగ్గర ఎక్కువ పేరుకుంటే అక్కడ మార్కెట్‌కి గట్టి నేల ఉన్నట్టు, ఇక పడదు. అక్కడ అది ఎంతవరకు నిజమో నేను వాదించను. ఇక్కడ మాత్రం ఇండెక్స్ పుట్స్‌లో పెద్ద భాగం కొనేది ఉద్యోగుల పింఛను డబ్బు చూసే సూపర్ ఫండ్లు. జనం రిటైర్మెంట్ డబ్బుకు కట్టుకునే బీమా అది. బీమా పాలసీలు ఎక్కువున్న వీధిలో అగ్గి పుట్టదని ఎవరైనా అంటారా. మనవాళ్ళు అదే అనేవాళ్ళు. చదవేస్తే ఉన్న మతి పోయిందని నేను వెక్కిరిస్తే, "ఆంటీ ఓల్డ్ స్కూల్" అని నవ్వి ఇంకో ముక్క ప్లేట్లో వేసేవాళ్ళు.

శ్రావణి ఆ సూత్రాన్నే ఆఫీసుకు పట్టుకొచ్చింది.

నేను రిటైరవడానికి కొద్ది వారాల ముందు నా కుర్చీలోకి తీసుకున్న అమ్మాయి శ్రావణి. నల్గొండ పిల్ల, ఇక్కడే యూనివర్సిటీలో చదివింది, లెక్కల్లో చురుకు. ఆఫీసులో నన్ను రాజ్ అనడానికి నానా అవస్థ పడేది. లిఫ్ట్ తలుపు మూసుకోగానే ఆంటీ అనేది. ఆమె వీసాను మా కంపెనీయే స్పాన్సర్ చేసింది. భర్త, చిన్న బాబు, వాళ్ళ వీసాలూ ఆమె వీసాకే ముడిపడి ఉన్నాయి. ప్రొబేషన్ దాటకపోతే ఉద్యోగం ఒక్కటే పోదు, ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే ముగ్గురూ సామాను సర్దుకోవాల్సిందే.

అప్పటికి గ్రాహమ్ వెళ్ళిపోయి చాలాకాలమైంది. బాస్ డెబ్రా. ఆవిడకు ఓపిక తక్కువ, సూటిదనం ఎక్కువ. పలుపు మాట ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. నేను అంటే గడియారం చూసుకునేది. శ్రావణి తన మొదటి మీటింగ్‌లోనే, ఇండెక్స్‌లో పుట్స్ పేరుకున్నాయి కాబట్టి ఇక్కడ గట్టి నేల ఉందని చెప్పింది. ఆ వారమే మార్కెట్ ఆ నేలను దాటి కిందికి పోయింది. డెబ్రా అరవలేదు. "ఇంకోసారి ఇలా వద్దు," అంది అంతే. అరిచి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం శ్రావణిని బయటికి తీసుకెళ్ళి సంత కథ చెప్పాను. మొహం వాడిపోయి ఉన్నా, చివరి మాట దాకా కళ్ళార్పకుండా వింది. తర్వాతి శుక్రవారం నాకు కేక్ కోసి, కార్డు మీద అందరూ సంతకాలు చేసి పంపించేశారు. పలుపు మాట కూడా నాతోనే ఇంటికి వచ్చేసిందనుకున్నాను.

శ్రావణి ఫోన్

కిందటి నెల ఒక రోజు భోజనాల వేళ, పెరట్లో కరివేపాకు మొక్కకు మట్టి మారుస్తుంటే ఫోన్ మోగింది.

"ఆంటీ, బిజీ ఉన్నరా?"

"కరివేపాకుతో బిజీ. చెప్పమ్మా."

"ఒక మైనింగ్ స్టాక్‌ల పొద్దుగాల నుంచి కాల్స్ పిచ్చిపిచ్చిగ ట్రేడ్ అయితున్నయ్. రోజూ అండ్ల ఏం ఉండదు. అందరు టేకోవర్, కంపెనీని ఎవరో కొనేస్తున్నరు అంటున్నరు. వేరే బ్రోకర్లు ఆల్రెడీ నోట్ పంపిన్రు. డెబ్రా నన్ను త్రీకల్లా రాసియ్యమన్నది."

"పేరు చెప్పకు," అన్నాను. ఇప్పుడు నేను బయటిదాన్ని. పేరు వద్దన్నదీ నేనే, ఆ పేరేమిటో తెలుసుకోవాలని లోపల కుతకుతలాడిందీ నేనే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. ఆ రోజు నేను కత్తిపీటని. చేతికి మట్టితోనే పెరట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

"క్యాలెండర్ చూశావా?"

"డివిడెండ్ లేదు, రిజల్ట్స్ లేవు. అన్నీ చూసిన."

"అదే ధర దగ్గర పాత ఒప్పందాలున్నాయా?"

"మస్తున్నయ్. పోయిన నెల నుంచి జమైనయ్."

"ఆప్షన్ రేటు ఉబ్బిందా?"

"అదే ఆంటీ, అంత ట్రేడ్ అయినా పెద్దగ ఉబ్బలే. నాకు అదే సమజ్ అయితలేదు."

ఆత్రంగా కొనేవాళ్ళు ఎగబడితే బయానా రేటు ఉబ్బాలి. ఉబ్బలేదంటే, అమ్మేవాళ్ళు కూడా అంతే ఆత్రంగా ఉన్నారు. పోయిన నెల వచ్చినవాళ్ళు ఇప్పుడు తాళ్ళు విప్పుకుంటూ ఉండొచ్చు. లేదా కొత్త చేతులు నెమ్మదిగా సర్దుకుంటూ ఉండొచ్చు. నా మనసు మొదటి దానివైపే మొగ్గింది. పైకి అనలేదు. అంటే అది నా మాటవుతుంది. మూడింటికి డెబ్రా ముందు నిలబడేది ఆ పిల్ల.

"నీకేం కనిపిస్తోంది?" అన్నాను.

"ఒక చెయ్యే కనిపిస్తుంది. రెండోది తువ్వాల కిందనే ఉంది."

"పలుపు?"

"పలుపు రేపు పొద్దుగాల తెలుస్తది." వెనక ట్రామ్ గంట వినబడింది. "ఆంటీ, తెల్వదు అని రాస్తే నా పని ఖతం. వచ్చే వారమే ప్రొబేషన్ రివ్యూ."

"తప్పు రాస్తే?"

"అప్పుడు కూడ ఖతమే."

"అయితే రెండిట్లో నిజం ఏదో అది రాయి."

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపమొచ్చింది. చెప్పడానికేం, నా వీసా కాదు, నా బాబు కాదు. కరివేపాకు మొక్క వేర్లు గాలికి ఎండుతున్నాయని మా ఆయన పిలిచి చెబితే గాని చూసుకోలేదు.

మీటింగ్‌లో ఏమైందో సాయంత్రం రైల్లోంచి చెప్పింది. నోట్‌లో ఆమె రాసింది క్లుప్తంగా ఇంతే. కాల్స్ వ్యాపారం మామూలు కంటే చాలా ఎక్కువ, వీళ్ళు వచ్చేవాళ్ళో పోయేవాళ్ళో ఇవాళ చెప్పలేం, రేపు పొద్దున చెబుతాం. డెబ్రా చదివి, "ఇంతేనా? మిగతా వాళ్ళందరూ టేకోవర్ అంటున్నారు," అంది. శ్రావణి తగ్గలేదు. "వాళ్ళెవరైనా పలుపు చూశారా?" అని ఇంగ్లిష్‌లో అడిగేసింది. డెబ్రా ఆ నోట్‌ని అలాగే పంపమంది.

"మార్కెట్ క్లోజ్ వరకు స్టాక్ ఇంకా పెరిగింది ఆంటీ," అంది శ్రావణి. "క్లయింట్లు ఫోన్లు చేసి తిట్టిన్రు. ఇంటికి పోయి మా ఆయనకు ఏం చెప్పాలె."

మర్నాడు

పొద్దున నేను దోసెల పిండి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఒక్క దోసె కూడా వెయ్యలేదు. పది కాకముందే శ్రావణి మెసేజ్ వచ్చింది. ఓపెన్ ఇంటరెస్ట్ తగ్గింది. అంతా ఇంతా కాదు, బాగా తగ్గింది. నిన్న ఊరేగినదంతా వచ్చేవాళ్ళ సందడి కాదు, పోయేవాళ్ళ బండ్ల చప్పుడు. పోయిన నెల కొనుక్కున్నవాళ్ళు పుకారు వేడి మీద అమ్ముకుని వెళ్ళిపోయారు. ఆ షేరు తెరుచుకునే వేళకి కంపెనీ నుంచి ప్రకటన కూడా వచ్చేసింది, మా దగ్గర చెప్పాల్సిన కబురేమీ లేదని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, టేకోవర్ నోట్లు పంపిన బ్రోకర్లంతా ఆ రోజు సమాధానాలు చెప్పుకోవడంతోనే సరిపోయింది.

నేను చప్పట్లు కొట్టాను. ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని చప్పట్లు కొడుతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా కొట్టాను. ఈ పనిలో ఉన్న ఆనందం ఇదే. ఎవరికీ కనిపించని చెయ్యి ఒక్క రాత్రి ఓపిక పడితే కనిపిస్తుంది. ఆ ఓపిక పట్టడమే అన్నిటికంటే కష్టమైన పని. కొత్తగా వచ్చే పిల్లలు లెక్కలు నాకంటే బాగా చేస్తారు, కంప్యూటర్లు వాళ్ళ కంటే బాగా చేస్తాయి. ఇవాళ తెలియదు, రేపు తెలుస్తుంది అని పదిమందిలో నిలబడి చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇప్పటికీ అరుదే.

కానీ ఒక్క రోజు సరిగ్గా చదివితే ప్రొబేషన్ దాటినట్టు కాదు. డెబ్రా శ్రావణితో ఆ విషయం ఎత్తనే లేదు. పొగడలేదు, నవ్వలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. రివ్యూ రోజున నేను ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటే, మా ఆయన దాన్ని తీసి సోఫా వెనక దాచారు. నేను వెతికి తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం ఒక ఫొటో వచ్చింది. శ్రావణి డెస్క్. కీబోర్డు మీద చుట్ట చుట్టిన నీలం తాడు, కొత్తది, హార్డ్‌వేర్ షాపు ట్యాగ్ ఇంకా వేలాడుతోంది. కింద రెండు లైన్లు రాసింది.

"రివ్యూకి పిలుస్తదేమో అని చూస్తుంటే డెబ్రానే నా డెస్క్ కాడికొచ్చి ఇది పెట్టిపోయింది ఆంటీ. నీ ప్రొబేషన్ పేపర్స్ సైన్ చేసిన, ఇక నువ్వు ఎటూ పోవు అన్నది."

ఎన్నో ఏళ్ళు నేను పలుపు అన్నప్పుడల్లా గడియారం చూసుకున్న మనిషి. అన్నీ విన్నదన్నమాట. షాపు దాకా వెళ్ళి, తన డబ్బుతో కొని, తనే మోసుకొచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి, అదే సమయంలో కేక కూడా పెట్టాను. మా ఆయన కంగారుగా లోపలికొచ్చారు.

"ఏమైంది, మార్కెట్ పడిందా?"

"లేదండీ," అన్నాను. "బేరం కుదిరింది."